మన ఫండ్ మన షేర్లను షార్ట్ సెల్లర్లకు అప్పివ్వొచ్చా?

డాలస్ నుంచి (ప్రశ్న):
నా 401కే (అమెరికాలో ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా) సొమ్మంతా ఇండెక్స్ ఫండ్లలోనే, అంటే సూచీలో ఉన్న షేర్లనే కొని ఉంచుకునే ఫండ్లలోనే ఉంది. ఫండ్ వార్షిక నివేదిక తిరగేస్తుంటే, షేర్లు అప్పివ్వడం వల్ల వచ్చిన ఆదాయం అని ఒక పద్దు కనబడింది. అంటే నా డబ్బుతో కొన్న షేర్లను, వాటి ధర పడితే బాగుపడే షార్ట్ సెల్లర్ల చేతికే ఇస్తున్నారు. ఇది న్యాయమేనా?

హైదరాబాద్ మదుపరి:
ముమ్మాటికీ తప్పండీ. రూపాయల్లోనే లెక్కేద్దాం. 500 ధర ఉన్న షేర్లు 1000, నెల రోజులకు అప్పిచ్చారనుకోండి. ఏడాదికి 2 శాతం రుసుమైతే ఫండ్‌కు వచ్చేది 833 రూపాయలు. తీసుకున్నవాడు వెంటనే అమ్మేసి, ధర 420కి దిగాక కొని తిరిగిచ్చేస్తాడు. వాడికి సుమారు 80 వేలు లాభం, మనకు కాగితం మీద 80 వేలు నష్టం. జపాన్ ప్రభుత్వ పింఛను నిధి జీపీఐఎఫ్ 2019 డిసెంబరులో విదేశీ షేర్లు అప్పివ్వడం ఆపేసింది. అంతకుముందు మూడేళ్లలో వచ్చిన సుమారు 3,780 కోట్ల యెన్ల లాంటి ఆదాయం ఇక వద్దనుకుంది. అంత పెద్ద నిధి ఊరికే వదులుకుంటుందా?

పాత డీలర్:
మదుపరి గారూ, ధర పడింది అప్పు వల్లేనని ఎలా తేల్చారు? ఇండెక్స్ ఫండ్ ఆ షేరును ఎలాగూ అమ్మదు. అప్పివ్వకపోతే 80 వేలూ పోతాయి, 833 కూడా రాదు. అమెరికాలో మామూలుగా షేర్ల విలువలో 102 శాతం తాకట్టు తీసుకుంటారు, ధర మారితే ఏ రోజుకారోజు సర్దుతారు. మధ్యలో డివిడెండ్ వస్తే అంత సొమ్మూ తీసుకున్నవాడే కట్టాలి.

షార్ట్ సెల్లర్లను విలన్లను చెయ్యకండి. జర్మనీలో వైర్‌కార్డ్ అనే చెల్లింపుల కంపెనీ లెక్కలు అనుమానంగా ఉన్నాయని వాళ్లు మొత్తుకుంటుంటే, 2019 ఫిబ్రవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఆ షేరులో కొత్తగా షార్ట్ సెల్లింగ్ చెయ్యడాన్నే రెండు నెలలు నిషేధించింది. 2020 జూన్‌లో ఖాతాల్లో చూపిన 190 కోట్ల యూరోలు లేనే లేవని బయటపడి కంపెనీ కుప్పకూలింది. ఈలోగా ఆ షేరు కొన్న చిన్న మదుపరుల గతేమిటి?

గుంటూరు ఆడిటర్:
ఇద్దరూ ధర చుట్టూనే తిరుగుతున్నారు. జీపీఐఎఫ్ బాధ వేరు. అప్పిచ్చాక షేరు తమ పేరున ఉండదు, ఓటు పోతుంది, చివరికి అది ఎవరి చేతికి వెళ్లిందో తెలియదు. కంపెనీలను బాధ్యతగా నడిపిస్తామని చెప్పుకునే నిధికి అది మింగుడుపడలేదు. నా పట్టు కూడా అక్కడే. విలీనం మీదో డైరెక్టర్ల మీదో ఓటింగ్ ఉంటే, రికార్డు తేదీకి (ఓటు ఎవరిదో తేల్చే తేదీకి) ముందే షేర్లు వెనక్కి రప్పించాలి. 833 కోసం ఓటు వదులుకునే హక్కు మేనేజర్‌కు ఎవరిచ్చారు?

రెండోది, తాకట్టుగా వచ్చిన నగదు. అమెరికా బీమా కంపెనీ ఏఐజీ తన షేర్లు, బాండ్లు అప్పిచ్చి, వచ్చిన నగదును ఇళ్ల రుణాల బాండ్లలో పెట్టింది. 2008లో ఆ బాండ్ల విలువ పడిపోయిన వేళ, అప్పు తీసుకున్నవాళ్లంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి అడిగారు. ఆ ఒక్క వ్యాపారంలోనే నష్టం 2,000 కోట్ల డాలర్లు దాటింది. షార్ట్ సెల్లర్లు కాదు, ఆ అత్యాశే ముంచింది.

డాలస్ నుంచి:
మరి మన దేశంలో?

గుంటూరు ఆడిటర్:
2008 ఏప్రిల్ నుంచి ఎక్స్ఛేంజీల ద్వారా అప్పిచ్చే పద్ధతి ఉందండీ. మ్యూచువల్ ఫండ్లకూ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అనుమతి ఉంది, లావాదేవీలు పూర్తి చేయించే క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ ఉంటుంది. మీరు మాత్రం మీ నివేదికలో ఆ పద్దు పక్కనే ఇంకో అంకె చూడండి: వచ్చిన రుసుములో, ఫండ్ తరఫున షేర్లు అప్పిచ్చే ఏజెంటు ఎంత ఉంచుకున్నాడు? అమెరికా ఫండ్ కంపెనీ వాన్‌గార్డ్ అయితే ఖర్చులు పోను మిగిలినదంతా ఫండ్‌కే ఇస్తుంది. రిస్కు మీదైనప్పుడు ఆదాయంలో కోత ఎందుకో మీ ఫండ్‌ను రాతపూర్వకంగా అడగండి.