అమ్మతో, పదకొండేళ్ల బాబుతో అండమాన్: స్వరాజ్ ద్వీప్‌లో ఏం చేయొచ్చు?

అందరికీ నమస్కారం. డిసెంబరులో విశాఖ నుంచి మేం నలుగురం అండమాన్ వెళ్తున్నాం. స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవ్‌లాక్) మూడు రాత్రులు, షహీద్ ద్వీప్‌లో ఒక రాత్రి ఉంటాం. అమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కానీ సముద్రం లోపల పగడాలు ఒక్కసారైనా చూడాలని ఆవిడకు ఎన్నాళ్ల నుంచో ఆశ. అది తీర్చాలనే ఈ ప్రయాణం.

ఎలిఫెంట్ బీచ్‌కు అడవిలో నడిచి వెళ్లే దారి అమ్మ వల్ల కాదు, పడవలోనే వెళ్తాం. అక్కడ పడవ దిగేటప్పుడు నీళ్లలోకి దిగాలా? ఈత రానివాళ్లను స్నార్కెలింగ్‌కు (నోట్లో గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీటిపై తేలుతూ లోపలికి చూడటం) ట్యూబు పట్టించి గైడే లాక్కెళ్తాడంటున్నారు. పెద్దవాళ్లతో అలా చేయించినవాళ్లు ఉంటే, భయపడ్డారా లేదా చెప్పండి. అదీ కుదరకపోతే గాజు అడుగున్న పడవలో పగడాలు బాగా కనిపిస్తాయా?

బాబు స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి లోపలికి వెళ్లే డైవింగ్) అంటున్నాడు. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి దాన్ని మొదటి రోజే పెట్టాను. ఆ వయసు పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు, శిక్షకుడు ఒక్కరికి ఒక్కరు ఉంటారో లేదో చెప్పగలరా? నాకు అసలు టెన్షన్ అదే.

ఇంకొకటి. షహీద్ ద్వీప్‌లో సహజ రాతి వంతెన దగ్గరికి ఆటు సమయంలోనే (సముద్రం వెనక్కి తగ్గినప్పుడే) వెళ్లాలట. ఆ రాళ్ల మీద అమ్మ నడవగలదా, లేక ఆవిడను భరత్‌పూర్ బీచ్‌లోనే కూర్చోబెట్టి మేం వెళ్లి రావాలా?