కవితలో కదిలించేది పదచిత్రమా, గొంతా?

కిటికీపక్క

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. నాన్న పోయాక రాసుకున్న చిన్న కవిత ఇది:

నాన్న కళ్లజోడు
పుస్తకం మీదే ఉంది
అద్దం మీద వేలిముద్ర
తుడవలేదు

ఒక చోట పదిమందిలో చదివాను. ఒక పెద్దాయన "పదచిత్రం బాగా కుదిరిందమ్మా, కవితంతా ఆ వేలిముద్రలోనే ఉంది" అన్నారు. పక్కనే ఉన్న ఆవిడ ఒప్పుకోలేదు. "వస్తువు ఎవరికైనా దొరుకుతుంది. ఈ అమ్మాయి ఏడవకుండా చెప్పింది, అందుకే నాకు ఏడుపొచ్చింది" అన్నారు. ఇద్దరికీ నచ్చింది, కారణాలే వేరు. బాధని పాఠకుడి దాకా చేర్చేది మనం చూపించే బొమ్మా, చెప్పే గొంతా? నాకు మాత్రం పదచిత్రమే అనిపిస్తోంది. ఆ వేలిముద్ర లేకపోతే కవితే లేదు కదా.

చిత్తుప్రతి

నేను ఆవిడ పక్షం. ముందుగా, కవిత నన్ను కదిలించిందండీ. ఇప్పుడు మీ చివరి మాటనే తీసుకుందాం. కళ్లజోడు, పుస్తకం, వేలిముద్ర దేన్నీ ముట్టుకోకుండా చివరనున్న "తుడవలేదు" అన్న ఒక్క క్రియ మార్చి చూడండి.

"తుడవలేకపోయాను" అంటే కవిత మన జాలి అడుగుతుంది. "తుడవను" అంటే మొండితనం, మరణంతో పోట్లాట. "తుడవొద్దు" అంటే ఒక్కసారిగా ఇల్లంతా మనుషులు వచ్చేస్తారు, ఎవరో గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటారు. మీరు రాసిన "తుడవలేదు"లో కర్తే లేదు. తుడవనిది మీరా, మీ అమ్మగారా, అసలు ఎవరూ ఆ వైపు వెళ్లలేదా? ఆ ఖాళీలోకి పాఠకుడు తన ఇంటిని తెచ్చుకుంటాడు.

బొమ్మ ఒకటే, ఉద్వేగాలు నాలుగు. మరి బాధని మోస్తున్నది బొమ్మ అని ఎలా అంటాం? మన భాషలో గొంతంతా మాట చివరే ఉంటుంది. ఒక "లే", ఒక "గా", ఒక "కదా" చాలు. "వస్తాను" వేరు, "వస్తాలే" వేరు. రెండో దాంట్లో రాకపోవడం కూడా దాగి ఉండొచ్చు.

పాతపాఠకుడు

చిత్తుప్రతి గారూ, మీ పద్ధతి నచ్చింది. దాన్నే తిరగేస్తాను. గొంతుని అలాగే ఉంచి బొమ్మ మారుద్దాం:

నాన్న జ్ఞాపకం
మనసులోనే ఉంది
గుండె మీద గాయం
మానలేదు

అదే నిగ్రహం, అదే పొట్టి వాక్యం, చివర అదే "లేదు". కదిలిందా ఏమైనా? నాకైతే లేదు. ఈ నాలుగు పాదాలు ఎవరి నాన్న గురించైనా కావచ్చు, అందుకే ఎవరి నాన్నా కనపడడు. వేలిముద్ర దగ్గరైతే ఒక మనిషి కళ్లజోడు తీసి, మడిచి, పుస్తకం మీద పెట్టిన క్షణం కనపడుతుంది. మళ్లీ తీసుకుందామనే పెట్టాడు. ఆ "మళ్లీ" మీరు రాయలేదు, బొమ్మే చెప్పింది.

ఇంకో పెద్ద ఉదాహరణ. 1941లో జాషువా "గబ్బిలం" రాసినప్పుడు సందేశకావ్యం మనకు కొత్త కాదు. మేఘం చేత, హంస చేత కబురు పంపడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆయన గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, ఆ గుడి లోపలే తలకిందులుగా వేలాడగల జీవి చేత శివుడికి కబురు పంపుతున్నాడు. ఆ ఎంపికలోనే అవమానం, కోపం, దుఃఖం అన్నీ ఉన్నాయి. ఒక్క పద్యం చదవకముందే, కథ ఇదీ అని తెలియగానే గుండె పట్టేస్తుంది. అక్కడ గొంతు ఇంకా మొదలే కాలేదు.

యతిప్రాస

ఈ తగువు చాలా పాతది, అందుకే నాకు ఇష్టం. ప్రాచీన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, కంఠధ్వనిలో వచ్చే మార్పుని కాకువు అన్నారు. 9వ శతాబ్దంలో రుద్రటుడు దాన్ని వక్రోక్తిలో (మాటని తిప్పి వేరే అర్థం తీసే అలంకారంలో) ఒక భేదంగా, అంటే అలంకారంగా లెక్కపెట్టాడు. తర్వాత వచ్చిన రాజశేఖరుడు కుదరదన్నాడు. కాకువు చదవడంలో ఉండే ధర్మం, అది అలంకారం ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. గొంతు కవితలో ఉందా, చదివేవాడి నోట్లో ఉందా అన్నదే ఆయన అడిగింది.

ఈ విషయంలో నేను రుద్రటుడి వైపు. "నాకు తెలియదు" అని రాయండి, "నాకు తెలియదూ!" అని రాయండి. ఒక్క దీర్ఘంతో అర్థం తిరగబడింది, తెలుసనే అర్థం వచ్చేసింది. చదివేవాడు వేరేగా ఏమీ చేయక్కర్లేదు. గొంతు కాగితం మీదే ఉంది.

పద్యంలో ఇది ఇంకా స్పష్టం. ఉత్పలమాల పాదంలో మొదటి గురువుని (బరువైన అక్షరాన్ని) రెండు లఘువులుగా (తేలిక అక్షరాలుగా) విడగొడితే చంపకమాల అవుతుంది. 20 అక్షరాలు 21 అవుతాయి, మిగతా నడకంతా ఒకటే. కానీ పైకి చదివి చూడండి. ఉత్పలమాల మొదటి అడుగే బరువుగా వేస్తుంది. చంపకమాల నాలుగు లఘువులు పరుగెత్తి గానీ కాలు మోపదు. అర్థం చెవికి చేరేలోపే ఊపిరి మారిపోతుంది.

పాతపాఠకుడు

యతిప్రాస గారూ, ఊపిరి మారుతుంది, ఒప్పుకుంటాను. ఉద్వేగం మారుతుందా? అదే ఉత్పలమాలలో కవులు శోకం రాశారు, వీరం రాశారు, తోట వర్ణనా రాశారు. నడక బరువు ఇస్తుంది, ఆ బరువు దేనిదో చెప్పదు. అది చెప్పడానికి కంటికి ఏదో ఒకటి కావాలి.

చిత్తుప్రతి

ఒక్క మాట. బొమ్మలు అరిగిపోతాయండీ. వెన్నెల, విరహం, వాడిన పూలు మొదట రాసినవాళ్ల దగ్గర ప్రాణంతోనే ఉన్నాయి, అనుకరించినవాళ్ల దగ్గర అలంకరణ అయిపోయాయి. మీరు తిరగరాసిన "గుండె మీద గాయం" కూడా ఒకప్పుడు బొమ్మే కదా! మీ ప్రయోగంలో ఓడింది అరిగిన బొమ్మ, గొంతు కాదు. "మానలేదు" అన్న మాటకి ఆనుకోవడానికి చోటు దొరకలేదు, అంతే.

పాతపాఠకుడు

ఆనుకోవడానికి చోటు కావాలని మీరే అన్నారుగా. నేను అడిగేదీ ఆ చోటే. ఈ మాట మీద మనిద్దరికీ పెద్ద తేడా లేదనిపిస్తోంది.

కిటికీపక్క

అందరికీ చాలా థ్యాంక్స్. చిత్తుప్రతి గారు "తుడవొద్దు" అని రాసింది చదివి కాసేపు ఏమీ చేయలేకపోయాను. నిజంగా జరిగింది అదే. తమ్ముడు బల్ల సర్దుతూ గుడ్డ అందుకున్నాడు, నేను అరిచాను. వాడు బెదిరిపోయి గుడ్డ కింద పెట్టేశాడు. ఆ అరుపుని కవితలోంచి తీసేసి "తుడవలేదు" అని రాశాను. ఎందుకు తీసేశానో అప్పుడు నాకు తెలియదు. సిగ్గనిపించి ఉంటుంది.

అంటే వేలిముద్ర నేను ఎంచుకున్నది కాదు, అక్కడ ఉంది కాబట్టి రాశాను. ఎంచుకున్నది గొంతునే. మొదట పదచిత్రమే అన్నాను, ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను. ఒక సందేహం మిగిలింది. "పుస్తకం మీదే"లో ఆ "ఏ" ఉంచాలా?

యతిప్రాస

ఉంచండి. "మీద ఉంది" అంటే వస్తువు ఎక్కడుందో చెప్పినట్టు. "మీదే ఉంది" అంటే ఆయన పెట్టినచోటే, ఎవరూ కదపలేదని. ఆ "ఏ"లోనే ఏడాది గడిచింది.

పాతపాఠకుడు

నేను తీసేయమంటాను. ఎవరూ కదపలేదని "మీదే" అప్పటికే చెప్పేస్తే, "తుడవలేదు" వచ్చేసరికి అదే మాట రెండోసారి విన్నట్టు ఉంటుంది. దెబ్బ చివరన తగలాలి. అప్పటిదాకా కవిత ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు. గొంతుని ముందే ఖర్చు పెట్టకండి. బొమ్మ వైపు వాదిస్తూ వచ్చిన నేనే ఇది అంటున్నాను.

చిత్తుప్రతి

ఇక్కడ నేను పాతపాఠకుడి గారితోనే. "ఉంది" కూడా అక్కర్లేదేమో చూడండి.

కిటికీపక్క

చూశాను. ఇలా మారింది:

నాన్న కళ్లజోడు
పుస్తకం మీద
అద్దం మీద వేలిముద్ర
తుడవలేదు

తమ్ముడికి పంపాను. ఫోన్ చేశాడు. కవిత గురించి ఏమీ అనలేదు. "ఆ రోజు నేను తుడిచేసేవాణ్ణే" అన్నాడు.