పాడుపడ్డ పెరడు: తవ్వాలా, అట్టలు పరవాలా, ఎండబెట్టాలా?

తూనీగ: ఏళ్ల తరబడి వదిలేసిన పెరట్లో సీతాకోకలకూ పిట్టలకూ పనికొచ్చే స్థానిక మొక్కలు పెంచాలంటే ముందు కలుపు పోవాలి. దానికోసం నేల మాత్రం తవ్వకండి. మట్టి తిరగేస్తే అడుగున పడున్న కలుపు గింజలకు వెలుతురు తగిలి గుంపుగా మొలుస్తాయి. కలుపును నేలమట్టానికి కోసి, నేల తడిపి, టేపులు, పిన్నులు తీసేసిన అట్టపెట్టెలు పరవండి. ఒక అట్ట అంచు మీదికి ఇంకోటి 15 సెంటీమీటర్లు ఎక్కాలి, సందు దొరికితే గరిక దూరుతుంది. పైన 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు.

చిగురు: తుంగ ఉన్నచోట ఈ పాచిక పారదండీ. దాని మొలక సూదిలా అట్టను పొడుచుకుని పైకొస్తుంది. గడ్డలన్నీ భూమిలో గొలుసుకట్టుగా ఉంటాయి, పైన పీకితే కిందవి లేస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడు పారతో లోతుగా పెళ్లగించి గడ్డలు ఏరాల్సిందే. మళ్లీ మొలిచినవాటిని ఐదారు ఆకులు రాకముందే తీయాలి, ఆలస్యమైతే కొత్త గడ్డలు ఊరతాయి.

నీరెండ: మండు వేసవిలో ఎండనే వాడుకోవచ్చుగా? తడిపిన నేల మీద పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, 4 నుంచి 6 వారాలు ఉంచాలి. నల్ల షీటు వద్దు. అది తను వేడెక్కుతుంది గానీ ఆ వేడి మట్టిలోకి అంతగా దిగదు.

తూనీగ: నీరెండ గారూ, ఆ వేడి పైపొర గింజలను చంపుతుంది, నిజమే. మేలుచేసే సూక్ష్మజీవులూ కొన్ని పోతాయి. లోతున ఉన్న తుంగ గడ్డలకు మాత్రం ఏమీ కాదు.

చిగురు: అట్టలూ అమాయకమైనవేం కావు. తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం ఒంటరిగా, నేలలోనే గూడు కట్టుకుంటాయి. పెరడంతా కప్పేస్తే వాటికి చోటేది? ఎండ తగిలే మూల ఒక చదరపు మీటరైనా ఖాళీ మట్టి వదలండి.

గిజిగాడు: ఏ పద్ధతైనా పెరడంతా ఒకేసారి ఊడ్చేయకండి, ఉన్న పురుగూ పుట్రా ఎక్కడికి పోతాయి? ఏటా మూడో వంతు చాలు. వయ్యారిభామను మాత్రం ఆగకుండా, పూత రాకముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా లాగేయాలి. జిల్లేడును కలుపనుకుని నరకొద్దు, ప్లెయిన్ టైగర్ సీతాకోక గొంగళ్లకు అదే తిండి. నాటేటప్పుడు గుంతలో పశువుల ఎరువు దట్టించొద్దు. బీడు నేలకు అలవాటుపడ్డ మొక్కకు అది అక్కర్లేదు, కలుపే ముందు బలుస్తుంది.