మెయిన్ రోడ్డు పక్క సందులో తాతగారి మేడ: కూల్చక తప్పదా?

గోదారి గట్టు:
రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో మా తాతగారి మేడ ఉంది. కింద బట్టల కొట్టు, పైన కాపురం ఉండేవి. కొట్టు ఎత్తేశాక తాళం పడింది. టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ (ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన పాతకాలపు కప్పు), వీధి వైపు చెక్క వసారా. వసారా ఇంకా చెక్కుచెదరలేదు కానీ వానాకాలంలో వెనక మూల కారుతోంది. పెదనాన్నగారి అబ్బాయి కూల్చి కాంప్లెక్స్ కడదామంటున్నాడు. ఇప్పటికే ఆ వరసలో పాత మేడలు పోయాయి, పొద్దుగూకితే సందులో మనిషి అలికిడి లేదు. బాగుచేయించి అద్దెకివ్వడం అయ్యే పనేనా?

సున్నం పని:
అవుతుంది. ముందు ఆ కారే మూల చూడండి. దూలం గోడలోకి దిగిన చోట తడి నిలుస్తుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే ఆ కొస పాడైనట్టే. మిగతా దూలం గట్టిగా ఉంటే మొత్తం మార్చనక్కరలేదు, పాడైనంత మేర కోసి కొత్త టేకు అతుకుతారు.

సిమెంటు మాత్రం దగ్గరికి రానివ్వకండి! ఇలాంటి మేడలకు వాన కన్నా సిమెంటు పూతలు చేసిన నష్టమే నేను ఎక్కువ చూశాను. సున్నపు గోడ తడి పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. గానుగ సున్నంలో (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పనిచేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతుక్కోవాలి. పూత పూతకీ ఆరనివ్వాలి కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది.

మేడంతా ఒకేసారి ఎత్తుకోకండి. కప్పు కారడం ఆపి, కింద ముందు గది అద్దెకివ్వండి. ఆ డబ్బుతో పై అంతస్తు చూసుకోవచ్చు. తాళం వేసి ఉంచితే గోడలో రావి మొలక వచ్చినా పీకే దిక్కుండదు.

నాంపల్లి నివాసి:
హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ చూడండి. 1935 నాటి రాతి కట్టడం. పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయాక కళ తప్పింది. బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. నాకు నచ్చిందేమిటంటే, పాత ఐస్‌క్రీం కొట్లను అక్కడే ఉండనిచ్చారు. జనం అలవాటుగా వచ్చే కొట్టు ఒక్కటి ఉన్నా చుట్టుపక్కల వాటికి బేరం దొరుకుతుంది.

యానాం వాసి:
మా పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి సంగతి కూడా చెప్పాలి. అక్కడ వరుసగా ఇళ్ల ముఖభాగాలు బాగుచేశారు, ఖర్చులో కొంత యజమానులు పెట్టుకున్నారు. ఒక్క ఇల్లు బాగుపడితే అది ఇల్లే, వరసంతా బాగుపడితే వీధికి జనం వస్తారు. మీ సందులో మిగిలిన మేడల వాళ్లతో ముందే మాట్లాడండి.

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం అన్నయ్యను వెంటబెట్టుకుని ఆ దూలం చూస్తాను. ముందు గదిని టిఫిన్ హోటలుకు అడుగుతున్నారు. పొయ్యి పెట్టనివ్వవచ్చా?

సున్నం పని:
టేకు కప్పు కింద వద్దండి. పొగ, ఆవిరి, నిప్పు భయం మూడూ ఉన్నాయి. వెనక పెరట్లో వేరే వంటశాల కట్టుకుంటామంటే ఒప్పుకోండి. లేదంటే దర్జీకో, పుస్తకాల కొట్టుకో ఇవ్వండి, అద్దె కాస్త తగ్గినా సరే.