పస్తున్న సమురాయ్, పంట్లో పుల్ల

గోదారిగట్టు: ఎప్పుడో చదివిన జపనీస్ సామెత రెండు రోజులుగా నాలిక చివర ఆడుతోంది, పూర్తిగా రావట్లేదు. ‘బుషి వ కువ... తకయోజి’. మధ్యలో ‘నెదొ’నా, ‘నైదొ’నా? సమురాయ్, అంటే పాతకాలపు జపాన్ యోధుడు, పస్తున్నా తిన్నట్టే పంట్లో పుల్ల పెట్టుకుని తిరుగుతాడని భావం. ఇంతకీ ఇది మెచ్చుకోలా, వెక్కిరింతా?

చింతచెట్టు: ‘నెదొ’యే, పాత వ్యాకరణం. ‘కువనెదొ’ అంటే అచ్చం మన ‘తినకపోయినా’. వెక్కిరింతే. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె!

నల్లబల్ల: ఆగండి మాస్టారూ. నూనె వాడిది సోకు, పుల్ల వాడిది పరువు. తొకుగావా పాలకుల కాలంలో (1603–1868) సమురాయ్ జీతం బియ్యమే, కొకుల లెక్కన. కొకు అంటే సుమారు 150 కిలోలు. ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, చిన్న జీతగాళ్లు ఆ బియ్యం అసకుసా పేట దళారుల చేత అమ్మించుకుంటూ, రాబోయే జీతం మీద వాళ్ల దగ్గరే అప్పు చేసేవాళ్లు. ఇంట్లో కూర్చుని గొడుగులకు కాగితం అంటించి బతికినవాళ్లూ ఉన్నారు. 1789లో ప్రభుత్వమే పాత బాకీలు కొట్టేయాల్సి వచ్చింది. చేతికి అంటిన జిగురు కడుక్కుని, పుల్ల నోట్లో పెట్టుకుని వీధిలోకొచ్చేవాడిది సోకంటారా?

చింతచెట్టు: అంటాను. నవ్వేదెవరో చూడండి. ఈ సామెత క్యోటో, ఒసాకా వైపు ఇరోహా పేకముక్కల్లో ఉంది, అక్షరానికో సామెత ఉండే ముక్కలవి. ఒసాకా అంటేనే వర్తకుల ఊరు. అప్పటి సమాజానికి చెప్పే వరస షి, నో, కో, షో అని సమురాయ్, రైతు, చేతిపనివాడు, వర్తకుడు. వరసలో ఆఖరువాడే మొదటివాడికి అప్పిచ్చేది. ఇక బుషిదో, అంటే సమురాయ్ ధర్మం, అని మనం మురిసిపోయేదంతా 1900 ప్రాంతంలో నితోబె అనే జపాన్ రచయిత ఇంగ్లీషులో రాసిన పుస్తకం చలవే. అప్పటికి సమురాయ్‌ల నడుముకి కత్తి లేకుండా పోయి ఇరవై ఏళ్లు దాటింది. మీ పరువు అర్థం ఆ తర్వాత అంటించిందని నా అనుమానం.

గోదారిగట్టు: ముక్క మీద అక్షరం ‘బు’యేనా?

పందుంపుల్ల: ‘బు’ ముక్కే ఉండదు, ‘ఫు’లోనే సర్దుకోవాలి. ఆ అక్షరానికే రెండు గీతలు తగిలిస్తే ‘బు’. అందరూ ‘యోజి’ని వదిలేశారు. ‘యో’ విల్లో చెట్టు, ‘జి’ కొమ్మ. చైనా బౌద్ధులు దంతకాష్ఠానికి పెట్టుకున్న పేరది. మన పందుంపుల్ల అక్కడికెళ్లి పంటిపుల్లయింది!

నల్లబల్ల: పేరు సార్థకం చేసుకున్నారు. మరి ‘తక’? ఎత్తు అనే కదా అర్థం. ఎత్తింది పుల్లనా, తలనా?

ఉత్తరవాకిలి: ఆ షి, నో, కో, షో వరసని చాతుర్వర్ణ్యం చేయకండి. ‘షి’ చైనాలో చదువుకున్నవాడు, జపాన్‌లో కత్తివాడు. అది నిచ్చెన మెట్లలా ఉండేదంటే ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు. నాకు నచ్చేది ‘సమురాయ్’ మాటే. ‘సబురావు’ నుంచి వచ్చింది, పక్కనుండి కొలవడం. మన ‘బంటు’ చూడండి, సేవకుడూ వాడే, సైనికుడూ వాడే. త్యాగరాజు ‘బంటు రీతి కొలువు’ కీర్తనలో రాముణ్ణి అడిగింది ఆ కొలువే. కంచుకం, ముద్రబిళ్ళ, ఖడ్గం, అన్నీ ఉన్నాయి.

చింతచెట్టు: ఆహా, హంసనాదం రాగం! ఆయన ఇంట్లోనూ బియ్యం కరువే. ఉంఛవృత్తి, ఇంటింటి భిక్షతో బతుకు.

నల్లబల్ల: ఉంఛవృత్తి దాచుకునేది కాదండీ, వీధిలో పాడుకుంటూ వెళ్లేది. పుల్లతో పోలికేంటి?

గోదారిగట్టు: అయితే మెచ్చుకోలా, వెక్కిరింతా?

పందుంపుల్ల: ముందు ఆ మీసాలకు రాసింది సంపెంగనా, సంపంగా? మా అమ్మమ్మ ‘సంపంగి’ అనేది.

చింతచెట్టు: సంపెంగే. ‘గి’ ఎక్కడుందండీ?