వాటర్ కూలింగ్ లూప్ విప్పి మళ్లీ కట్టాక విండోస్ లాగిన్ దగ్గర డిస్‌ప్లే పోతోంది, బయోస్‌లో మాత్రం బాగానే ఉంది

గోదారి_ఎడిటర్, రాజమండ్రి

అందరికీ నమస్తే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మెషిన్ ఇది, ఇంటికి అన్నం పెట్టేది ఇదే. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్‌కూ కార్డుకూ కలిపి ఒకే లూప్ (పంపు తిప్పే కూలెంట్ వలయం), సాఫ్ట్ ట్యూబులు. పాత క్యాబినెట్‌లో గాలి ఆడక వేసవిలో ఫ్యాన్ల మోత భరించలేకపోయేవాణ్ణి. అందుకే పెద్ద క్యాబినెట్ తెచ్చి మొత్తం విప్పి మళ్లీ కట్టాను. కార్డు మీది వాటర్ బ్లాక్ జోలికి పోలేదు. కొత్తగా చేరింది కార్డును నిలువుగా పెట్టే వర్టికల్ మౌంట్ ఒక్కటే, కార్డును బోర్డు స్లాట్‌కు కలిపే రైజర్ కేబుల్ దాంతోపాటే వచ్చింది.

లీక్ టెస్ట్ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. బోర్డుకు, కార్డుకు పవర్ కేబుళ్లు పెట్టకుండా, 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో కలిపి పంపు మాత్రమే రాత్రంతా తిప్పాను. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పెట్టాను, ఒక్కటీ తడవలేదు.

ఇప్పుడు సంగతి ఇదీ. ఆన్ చేస్తే బోర్డు లోగో వస్తుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) ఎంతసేపు కూర్చున్నా తెర కదలదు, మెదలదు, ప్రాసెసర్ వేడి కూడా మామూలుగానే ఉంది. విండోస్ చుక్కలు తిరిగి లాగిన్ రావాల్సిన క్షణంలో తెర నల్లబడి మానిటర్ 'నో సిగ్నల్' అంటుంది. పంపు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలుగుతోంది. సేఫ్ మోడ్‌లో మాత్రం డిస్‌ప్లే వస్తోంది. కేబుల్ మార్చాను, హాల్లో టీవీకి పెట్టి చూశాను, ర్యామ్ తీసి పెట్టాను, సీమాస్ కూడా క్లియర్ చేశాను (బయోస్ సెట్టింగులు మొదటికి తెచ్చాను). అదే తంతు.

మాఘమాసం పెళ్లిళ్ల ఫుటేజ్ అంతా ఇందులోనే ఉంది, పెళ్లివారి ఫోన్లు మొదలయ్యాయి. చాలా టెన్షన్‌గా ఉంది. కూలెంట్ మొత్తం తీసేసి, కార్డు మీది బ్లాక్ విప్పి కింద వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు చూడమంటారా?

నీళ్లు_నిప్పులు

గోదారి గారూ, విప్పే ముందు ఒకసారి టార్చ్ వేసి కార్డు అంచునున్న బంగారు రంగు కాంటాక్టులు, రైజర్ సాకెట్, బోర్డు మీది స్లాట్ చూడండి. లీక్ లేకపోయినా, నింపేటప్పుడు రిజర్వాయర్ మూత దగ్గర కారిన చుక్క ట్యూబ్ వెంబడి జారి స్లాట్‌లోకి దిగడం నేను చూశాను. డిస్టిల్డ్ వాటరేగా అనుకోకండి, బ్లాకులు, రేడియేటర్ తిరిగొచ్చిన నీళ్లు కరెంటును పోనిస్తాయి. తడి కనిపిస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కనీసం ఒక రోజు ఆరనివ్వండి. మీ ఊళ్లో గాలిలో చెమ్మ ఎక్కువ, తొందరపడొద్దు.

వైజాగ్_పీసీ

కార్డుకు వెళ్లే 8 పిన్నుల కనెక్టర్లు ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలల నుంచి ఇచ్చారా, విడివిడి కేబుళ్లా? 3080కి విడివిడిగానే ఇవ్వాలి. ఇంకో మాట, వేరే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) తాలూకు మాడ్యులర్ (ఊడదీసి పెట్టే) కేబుళ్లు ఇందులో కలిసిపోలేదు కదా? కనెక్టర్ పట్టినా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, కార్డే పోతుంది.

కూకట్‌పల్లి_బిల్డర్

తమ్ముడూ, లూప్ ముట్టుకోకు. ప్యాడ్లు సరిగ్గా కూర్చోకపోతే లోడ్ పడి వేడెక్కాక గీతలో, చుక్కలో వచ్చి మెషిన్ ఆగిపోతుంది. నీకు చల్లగా ఉండగానే, డ్రైవర్ లోడైన క్షణంలో పోతోంది. పైగా సేఫ్ మోడ్‌లో బాగుందంటున్నావు. నా అనుమానమంతా ఆ రైజర్ మీదే.

వర్టికల్ మౌంట్లతో వచ్చే రైజర్లలో ఇప్పటికీ జెన్3 కేబుళ్లు (పీసీఐఈ, అంటే బోర్డూ కార్డూ మాట్లాడుకునే లింక్, మూడో తరానివి) చాలా తిరుగుతున్నాయి. జెన్3లో ఒక్కో లేన్ వేగం సెకనుకు 8 గిగాట్రాన్స్‌ఫర్లు, జెన్4లో 16. నీ ప్రాసెసర్, బోర్డు, కార్డు మూడూ జెన్4వే. రైజర్ ఉత్త వైరు, మధ్యలో తానొకటి ఉన్నానని ఎవరికీ చెప్పదు. అందుకే బోర్డూ కార్డూ మాట్లాడుకుని జెన్4కే ఒప్పుకుంటాయి. ఆ వేగంలో కేబుల్‌లో సిగ్నల్ చెడిపోతుంది. బయోస్ తెరకు, సేఫ్ మోడ్‌కు కార్డుతో పెద్దగా పని ఉండదు కాబట్టి నెట్టుకొస్తుంది. ఎన్‌విడియా డ్రైవర్ లేచి అసలు పని మొదలుపెట్టగానే లింక్ తెగిపోతుంది.

బయోస్‌లోకి వెళ్లి మొదటి పీసీఐఈ స్లాట్ లింక్ స్పీడ్ 'ఆటో' నుంచి 'జెన్3'కి మార్చు. బోర్డును బట్టి పేరు కాస్త అటూఇటూగా ఉంటుంది. సీమాస్ మళ్లీ క్లియర్ చేస్తే అది ఆటోకి పోతుంది, గుర్తుంచుకో. అంతకంటే ముందు సేఫ్ మోడ్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులను విండోస్ రాసుకునేది) పేరుతో ఎర్రర్లున్నాయేమో చూడు.

బయోస్ కూడా కనిపించనివాళ్లకు ఒక మాట: 5800ఎక్స్‌లో గ్రాఫిక్స్ లేవు, బోర్డు వెనక హెచ్‌డీఎంఐలో పెడితే ఏమీ రాదు. రైజర్ బోర్డు వైపు కొస ఊడదీసి, అదే స్లాట్‌లో జీటీ 710 లాంటి చిన్న పాత కార్డు పెట్టి సెట్టింగ్ మార్చుకోవచ్చు. అందుకు నీళ్లు తీయాల్సిన పని లేదు.

గోదారి_ఎడిటర్

అన్నా, వచ్చేసింది! జెన్3 పెట్టి రీస్టార్ట్ చేస్తే నేరుగా లాగిన్ తెర. ముందు ఈవెంట్ వ్యూయర్ చూశాను, మీరన్న డబ్ల్యూహెచ్ఈఏ వార్నింగులు వరసగా ఉన్నాయి, అన్నీ 17 నంబరువే. జెన్3 పెట్టాక కొత్తవి పడలేదు. రైజర్ పట్టీ తిప్పి చూస్తే కంపెనీ పేరు లేదు, జెన్ సంగతీ లేదు.

నీళ్లు_నిప్పులు గారూ, స్లాట్ పొడిగానే ఉంది. వైజాగ్ గారూ, పవర్ కేబుళ్లు విడివిడివే, ఈ ఎస్ఎంపీఎస్‌తో వచ్చినవే. డావిన్చీ రిజాల్వ్‌లో ఒక రిసెప్షన్ వీడియో మొత్తం రెండర్ పెట్టాను, ఎక్కడా ఆగలేదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో లోడ్ మీద ఎక్స్16 3.0 (16 లేన్లు, జెన్3) అనే చూపిస్తోంది. దీనివల్ల పని నెమ్మదిస్తుందా? జెన్4 రైజర్ కొంటే మార్చడానికి కూలెంట్ తీయాలా?

కూకట్‌పల్లి_బిల్డర్

సంతోషం తమ్ముడూ. 3080 జెన్3 ఎక్స్16లో నడిస్తే నీ పనిలో తేడా కంటికి ఆనదు. ముందు పెళ్లివాళ్ల వీడియోలు ఇచ్చెయ్, రైజర్ తర్వాత చూసుకోవచ్చు. కొనేటప్పుడు 4.0 అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకో, ఎంత పొట్టిగా సరిపోతే అంత పొట్టిది.

సాఫ్ట్ ట్యూబులే కాబట్టి కాస్త వదులుంటే కూలెంట్ తీయక్కర్లేదు. పవర్ తీసేసి, ఎస్ఎంపీఎస్ స్విచ్ కట్టేసి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టు. కార్డు పవర్ కేబుళ్లు తీసి బ్రాకెట్ స్క్రూలు విప్పాక కార్డును ఒకరు రెండు చేతులతో ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు రైజర్ మార్చాలి. బ్లాక్‌తో కలిపి బరువు బాగా ఉంటుంది, ఆ బరువు ఫిట్టింగుల మీద వేలాడితే ఓ-రింగ్ దగ్గర జారుతుంది. ట్యూబులు బిగువుగా ఉన్నాయనిపిస్తే లాగొద్దు, అప్పుడు మాత్రం కూలెంట్ తీసేయ్. మళ్లీ ఆన్ చేశాక జెన్3ని ఆటోకి మార్చి, ఒక పెద్ద రెండర్ నడిపి ఈవెంట్ వ్యూయర్ ఇంకోసారి చూడు. 17 నంబరు మళ్లీ కనిపిస్తే ఆ రైజర్ షాపుకి వాపస్ ఇచ్చేయ్, జెన్3లోనే పని చేసుకో.