ఓబీ డంప్ మట్టి కొట్టుకొచ్చి పొలాల్లో పడుతోంది, గార్లాండ్ డ్రెయిన్ ఎలా కట్టాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. గోదావరిఖని వైపు ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో సైట్ ఇంజనీర్‌ని. పోయిన జూలైలో ఒక్క రాత్రి వానకు ఓబీ డంప్ (బొగ్గు పైనుంచి తవ్విపోసిన మట్టి, రాళ్ల గుట్ట) పక్క కోసుకుపోయింది. బురద, గుట్ట చుట్టూ ఉండే గార్లాండ్ డ్రెయిన్ దాటి కింద వరి మడుల్లో పడింది. పొద్దున పోయి చూస్తే నాటు కనబడలేదు, మోకాలి లోతు బూడిదరంగు మట్టి. గట్టు మీద నిలబడ్డ ఆ రైతు ఒక్క మాట కూడా అనలేదు. అది నేను మర్చిపోలేకపోతున్నా. ఇప్పుడు డ్రెయిన్ కొత్తగా తవ్విస్తున్నాం. నీళ్లొచ్చే విస్తీర్ణం 36 హెక్టార్లు. సైజు ఎలా తేల్చాలి?

పాత సర్వేయర్:
తమ్ముడూ, హెక్టార్లను గంటకు పడే మిల్లీమీటర్లతో, ఆపైన పారుదల గుణకంతో (పడ్డ వానలో పారిపోయే వంతు) గుణించి 360తో భాగించు. గుణకం 0.5, వాన గంటకు 60 మి.మీ. అనుకుంటే సెకనుకు 3 ఘనపు మీటర్లు. అడుగున వెడల్పు 1 మీటరు, నీటి లోతు 1 మీటరు, పక్కవాలు అడ్డం ఒకటిన్నరకు నిలువు ఒకటి, వెయ్యికి 3 వాటం ఇస్తే మట్టి కాలువ అంత మోస్తుంది. పైన 30 సెం.మీ. ఖాళీ వదులు. 60 ఉదాహరణకే, మీ దగ్గరి వాన రికార్డు తీసి చూడు. పర్యావరణ అనుమతుల్లో మామూలుగా గరిష్ఠ వాన మీద 50 శాతం అదనం పెట్టమంటారు, మీ పత్రం కూడా చదువు.

ఖని శ్రీ:
సార్ లెక్క కరెక్టే. మా దగ్గర సైజు సరిపోయింది, పూడిక ముంచింది. సార్ చెప్పిన కాలువలోనే సగం లోతు మట్టి చేరితే మోసే నీళ్లు కూడా దాదాపు సగమే. మృగశిర కార్తెకు ముందే తీయించాలి. మేం తీయిద్దామంటే డ్రెయిన్ పక్కన ఎక్స్‌కవేటర్ నడిచే దారే వదల్లేదు! కూలీలతో తట్టలెత్తించాం, సగం కాకముందే వాన పట్టింది. ఆ దారి ఇప్పుడే డ్రాయింగ్‌లో పెట్టించు అన్నా.

మట్టిమనిషి:
కింద ఎంత పెద్ద డ్రెయిన్ తవ్వినా, డంప్ పైనుంచి నీళ్లు అంచు మీదుగా దూకుతుంటే లాభం లేదు. మొదటి వానకు వేలు పట్టేంత గీత పడుతుంది. నాలుగో వానకు అందులో మనిషి దిగొచ్చు. ప్రతి బెంచీ (డంప్ మీది మెట్టు) వాటం లోపలికి, అంటే కొండవైపు ఉండాలి. అంచున మట్టి కట్ట, లోపలి మూల నీళ్లు పట్టే క్యాచ్ డ్రెయిన్, అక్కడి నుంచి రాళ్లు పరిచిన చూట్‌లోనే (వాలు మీది దిగుడు కాలువ) నీళ్లు కిందికి దిగాలి. మొత్తం వాలు 28 డిగ్రీలు దాటనివ్వద్దు. పని ముగిసిన వాలు మీద కొబ్బరిపీచు చాపలు పరిచి గడ్డి వేయండి. మొక్కలు ఆ తర్వాత. చిన్న మొక్క వేరు మట్టిని పట్టుకునేలోపే వాన దాన్ని పీకేస్తుంది, గడ్డి అట్లా కాదు.

గోదారిగట్టు:
బురద అడుక్కి దిగడానికి సెటిలింగ్ పాండ్ కూడా ఉంది. అయినా బయటికి పోయే నీళ్లు టీ రంగులోనే ఉంటున్నాయి. తేలే మట్టి లీటరుకు 100 మి.గ్రా. లోపు ఉండాలి కదా, శాంపిల్ తీసేరోజు టెన్షన్.

పాత సర్వేయర్:
ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి కదపకుండా పెట్టు. గంటలో తేరుకుంటే పాండ్‌లోనే లోపం: నీళ్లు వచ్చే చోటు, పోయే చోటు దగ్గర దగ్గరగా ఉండి ఉంటాయి. రెండింటినీ దూరం చెయ్యి, మధ్యలో అడ్డుగోడలు కట్టు. లోతు పెంచడం కన్నా పైవైశాల్యం పెంచడమే మేలు. మర్నాటికీ తేరుకోకపోతే అది సన్న బంకమన్ను, పటిక కావాలి. మోతాదు సీసాల్లో పరీక్షించాకే పాండ్‌లో వెయ్యి.

ఇంకొకటి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అట్లాంటప్పుడు వాగులన్నీ వెనక్కి తంతాయి. మీ డ్రెయిన్ కలిసే వాగు వరదమట్టం ఎంతో చూశావా? గని ముఖద్వారం గరిష్ఠ వరదమట్టానికి 1.5 మీటర్ల పైన ఉండాలన్నది రూలు. డ్రెయిన్ మూతి సంగతి మాత్రం ఎవరూ చూడరు.

గోదారిగట్టు:
నిన్న వాటర్ ట్యాంకర్‌ని డంప్ రెండో బెంచీ మీదికి ఎక్కించి నీళ్లు వదిలాం. అన్నీ అంచువైపే పారాయి. రేపు డోజర్ పెట్టి వాటం తిప్పిస్తున్నా. సీసా కిటికీలో పెట్టా, రాత్రి ఎనిమిదికి ఇంకా టీ రంగే.